చేట అడుగున మిగిలిన మాట

మొన్న మా మనవడు నన్ను ఏలూరు తీసుకెళ్ళి ఒక చెవి డాక్టరుగారికి చూపించి, చిక్కుడు గింజంత మిషనొకటి కొని నా కుడిచెవిలో పెట్టించాడు. ఆ డాక్టరుగారు చిన్నవాడే గానీ మర్యాదస్తుడు, కాగితం మీద కలం ఆనించి, తమరికి సరిగ్గా వినపడక ఎన్నాళ్ళయిందండీ అని అడిగాడు. ఆరు నెలలనో ఏడాదనో చెబుతానని ఆయన అనుకుని ఉంటాడు. నాకేమో నవ్వొచ్చింది. ఎందుకంటే నాకు బొత్తిగా వినపడని కాలం ఒకటి నిజంగానే ఉండేది. అప్పుడు నాకు ఇరవయ్యేళ్ళు, చెవులు రెండూ పాముచెవులు, కాలవ అవతలి గట్టు మీద ఎవరు దగ్గినా ఫలానా వారని చెప్పగలిగేవాణ్ణి. అయినా ఎదురుగా కూర్చున్న మనిషి మాట మాత్రం నాలోకి వెళ్ళేది కాదు. ఆ చెవుడు ఎలా వచ్చిందో, ఎలా పోయిందో డాక్టరుగారికి చెప్పబోయాను గానీ బయట ఇంకా పదిమంది కూర్చుని ఉన్నారు, మనవడు నా మోచెయ్యి నొక్కాడు, ఊరుకున్నాను.

ఇంటికొచ్చిన సాయంత్రమే మా మేనకోడలు చూడ్డానికి వచ్చింది. అరవయ్యేళ్ళ మనిషి, తనకే మనవలు. నా చెవిలో మిషను చూసి ముక్కు మీద వేలేసుకుని, మావయ్యా, నీ పన్ను నొప్పి పుట్టకపోతే నేను కొల్లేట్లో పుట్టేదాన్నే కాదట కదా, మా అమ్మ చెప్పేది, ఆ కథ మొదట్నించీ చివరిదాకా తెలిసినవాళ్ళల్లో ఇంక నువ్వొక్కడివే మిగిలావు, ఎక్కడైనా రాసిపెట్టకూడదూ అంది. అది నిజమే. ఆనాటి వాళ్ళల్లో చాలామంది ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. నేనూ వెళ్ళిపోతే, ఒకమ్మాయి పుట్టుకకీ ఒక పాడు పన్నుకీ ఉన్న సంబంధం లోకంలో ఎవరికీ తెలియకుండా పోతుంది. అందుకని, నా యీడువాళ్ళు ఎవరైనా ఓపిగ్గా చదువుతారన్న ఆశతో ఈ నాలుగు కాగితాలూ రాస్తున్నాను.

నేను బడిలో చదివింది మూడో తరగతి దాకానే. తరవాత చదువంతా ఏలూరులో మా గ్రంథాలయంలోనే సాగింది. చెప్పుకోకూడదు గానీ, ఆ ఎనిమిది బీరువాల్లోనూ నేను ముట్టని పుస్తకం లేదు. ఏది చదవాలో చెప్పేవాళ్ళు లేరు కనుక మొదటి బీరువా పైఅర ఎడమ చివర మొదలుపెట్టి వరసగా చదువుకుంటూ పోయాను. అందువల్ల నాకు మొదట వైద్యం, తరవాత వ్యవసాయం, ఆ తరవాత నక్షత్రాలు, నౌకలు, దేశచరిత్రలు, చిట్టచివర నవలలు వచ్చాయి. ఈనాటికీ నాకు ఏ విషయమైనా ఏ బీరువాలోదో ముందు గుర్తొచ్చి, తరవాతే విషయం గుర్తొస్తుంది. గ్రంథాలయం పెద్దలు నా ఉబలాటం చూసి, కొల్లేటి లంకల్లో చదువుకున్నవాళ్ళు లేరనీ, నలభై పుస్తకాలు పట్టే టేకు పెట్టె ఒకటి ఇస్తామనీ, ఏదో ఒక లంకలో మకాం పెట్టి సాయంత్రాలు పత్రికలు చదివి వినిపించమనీ అన్నారు. మా మేనత్తగారి ఊరు కొల్లేటి మధ్య లంకే. ఇంకేం, పెట్టెతో సహా తాటిదోనె ఎక్కాను. ఆనాడు నన్ను చూసినవాళ్ళు పెట్టె ఎక్కువ బరువో, నేనెక్కువ బిగువో చెప్పలేకపోయి ఉంటారు.

మేనత్త మంచిది, నోరు కాస్త పదును. వెళ్ళిన వారానికే నా సంగతి కనిపెట్టింది. నాతో ఎవరే మాట మొదలుపెట్టినా సగంలోనే అందుకుని మిగతా సగం నేనే చెప్పేసేవాణ్ణి. ఒకాయన మోకాళ్ళ నొప్పులంటే ఒంట్లో ఎముకలెన్నో చెప్పేవాణ్ణి గానీ, ఆయనకి ఎడమకాలా కుడికాలా అని అడిగిన పాపాన పోలేదు. అవతలివాళ్ళు చెబుతున్నంతసేపూ నా చూపు వాళ్ళ ముఖం మీదే ఉన్నా, లోపల మాత్రం నేను చెప్పబోయేది కూడబలుక్కునేవాణ్ణి. తెలుసు, తెలుసు అనడం నాకు ఊతపదం. మేనత్త ఊళ్ళో అందరికీ ఒక ఉపాయం చెప్పింది, మా మేనల్లుడితో పనుంటే ఆఖరి మాట ముందు చెప్పండి, మొదటి మాట వాడే చెప్పుకుంటాడు అని. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి, ఆ మాటైనా పూర్తిగా విన్నానో లేదో.

అయితే ఆ ఉపాయం ఆ లంకల్లో చెల్లేది కాదు. అక్కడి మనుషుల మర్యాదే వేరు. మాటాడ్డానికి వచ్చినవాళ్ళు వచ్చిన పని ముందు చెబితే అది మొరటుతనం. ముందు నీళ్ళు ఎంత పెరిగాయో చెప్పాలి, తరవాత గేదెల సంగతి, బాతుల సంగతి, ఫలానా వాళ్ళ దోనెకి చిల్లుపడ్డ సంగతి. అవన్నీ అయ్యాక, వెళ్ళొస్తానండీ అని లేచి నిలబడి, ఒక కాలు మెట్టు మీద పెట్టాక, అన్నట్టండీ అని అసలు మాట చెబుతారు. ఆ అన్నట్టు దాకా ఆగగలిగినవాడికే వాళ్ళ మనసు తెలుస్తుంది. నేనేమో నీళ్ళ దగ్గరే అందుకుని నదులూ సముద్రాలూ చెప్పేసేవాణ్ణి. వాళ్ళు పాపం, విన్నంతసేపు విని, బాగా చెప్పావు బాబూ అని అసలు మాట మూటలోనే ఉంచుకుని ఇంటికి పోయేవాళ్ళు.

మేనత్తవాళ్ళ పక్కింట్లో నాకు వరసకు పిన్ని అయ్యే ఒకావిడ ఉండేది. ఆవిడకి ఒక్కతే కూతురు, అంటే నాకు చెల్లెలు వరస. ఆ పిల్లని రెండేళ్ళ కిందట అత్తిలి ఇచ్చారు. ఆ పెళ్ళిలో మగపెళ్ళివారి పంక్తిలో రెండోసారి పులిహోర వడ్డించబోతే గంగాళం అడుగు కనిపించిందట. అంతే, దాని మీద మాటా మాటా పెరిగి, వియ్యాలవారి మధ్య రాకపోకలు తెగిపోయాయి. పిల్ల నీళ్ళోసుకుందని గాజులమ్ముకునే అతని నోట విన్నారు గానీ, కబురు వాళ్ళ నించి రావాలని వీళ్ళూ, వచ్చి అడగాల్సింది వీళ్ళేనని వాళ్ళూ బిగుసుకు కూర్చున్నారు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి కదా, ఏడో నెలలో తీసుకురావాలి, లేకపోతే తొమ్మిదో నెలలో. ఎనిమిదో నెలలో గర్భిణిని కదపరు. తొమ్మిదో నెల దాకా ఆగుదామా అంటే అప్పటికి వానాకాలం ముదిరి కొల్లేరు పోటెత్తి ఉంటుంది, ఒక్క దోనె కదలదు. ఈ లెక్కలన్నీ పిన్నికి తెలుసు. నాకు తెలియవు. ఎనిమిది బీరువాల్లోనూ ఎక్కడా లేవు.

ఆ సంవత్సరం ఆషాఢమాసం చివరలో పిన్ని చావిడి దగ్గరికి వచ్చింది. నేను పత్రిక చదువుతున్నాను, ఆవిడ స్తంభం పక్కన నిలబడింది. చదవడం అయ్యాక, మొన్న దోనెలో టపా వచ్చింది కదా బాబూ అని మొదలుపెట్టింది. టపా అన్న మాట నా చెవిన పడిందో లేదో, నేను టపా ఏర్పాట్లు పూర్వం ఏ దేశంలో ఎలా ఉండేవో, గుర్రాల మీద ఎలా మోసేవారో అందుకున్నాను. చావిడిలో అందరూ నోళ్ళు తెరుచుకుని విన్నారు. పిన్ని కూడా విని, అలాగా బాబూ అని వెళ్ళిపోయింది. నాలుగు రోజులాగి మళ్ళీ వచ్చి, అత్తిలి వైపు వానలెలా ఉన్నాయంటావు అంది. మేఘాలెలా పుడతాయో పొద్దుగుంకేదాకా చెప్పాను. మూడోసారి ఇంటికే వచ్చి, పైటచెంగు వేలికి చుట్టుకుంటూ, ఆడపిల్లని కన్నవాళ్ళకి అని మొదలుపెట్టేటప్పటికి నాకు స్త్రీవిద్య గుర్తొచ్చింది. ఆ పూట నా ఉపన్యాసం అద్భుతంగా వచ్చిందని నాకే అనిపించింది. పిన్ని అంతా విని, మా మేనత్తతో, మీ అబ్బాయి ఎంత బాగా చెబుతాడండీ అని చెంగుతో కళ్ళొత్తుకుని మరీ వెళ్ళింది. నా మాటలకి కరిగిపోయిందనుకున్నాను.

మర్నాడు నాకు పన్ను నొప్పి పుట్టింది. కింది దవడలో వెనక పన్ను. తెల్లారేసరికి బుగ్గ బూరెలా పొంగింది, నోరు తెరిస్తే ప్రాణం పోయేటట్టుంది. మేనత్త లవంగం నలిపి పంటి కింద పెట్టి, పాత చీరపేలికతో గడ్డం కిందినించి నడినెత్తి మీదికి కట్టి ముడేసింది. మాట్లాడితే లవంగం జారిపోతుంది, మళ్ళీ పెట్టను, లవంగాలు అయిపోయాయి అని బెదిరించింది. ఆ రోజంతా వాన, చావిడికి వెళ్ళే పనీ లేదు. మధ్యాహ్నం మేనత్త చేట ముందేసుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతూంటే, ఏమీ తోచక నేనూ ఎదురుగా చతికిలబడి ఏరడం మొదలుపెట్టాను. అప్పుడు పిన్ని వచ్చింది. నన్ను చూసి జాలిపడి, తనూ ఒక పక్కన కూర్చుని చేట మీద చెయ్యి వేసింది.

ఆ మధ్యాహ్నం నాకింకా కళ్ళకి కట్టినట్టుంది. ముగ్గురం చేట చుట్టూ కూర్చున్నాం, ఎవరి కళ్ళూ ఎవరినీ చూడ్డం లేదు, ఆరు చేతులు బియ్యంలో తిరుగుతున్నాయి. పిన్ని నీళ్ళ గురించి చెప్పింది. నీళ్ళ మీద నా దగ్గర బోలెడంత ఉంది, నోరు లేదు. బాతుల గురించి చెప్పింది, గాజులమ్మే అతని గురించి చెప్పింది. నేను మాట్లాడకపోవడంతో ఆవిడ మాట ఎక్కడా తెగకుండా, తాడు పేనినట్టు సాగిపోయింది. అత్తిలిలో కూతురింటి ముందు కాలవ ఉందంది. కూతురు చిన్నప్పుడు చింతకాయలకి ఏడ్చేదంది. పులిహోర గంగాళం గురించి, నలభైమందికి వండితే తొంభైమంది దిగారని, మొదటిసారిగా ఆవిడ నోట విన్నాను. చేటలో బియ్యం తగ్గుతున్నకొద్దీ ఆవిడ గొంతూ తగ్గింది. చేట ఖాళీ అయింది, మేనత్త రాళ్ళు విసిరెయ్యడానికి లేచింది, పిన్ని కూడా లేచి, ఒక కాలు మెట్టు మీద పెట్టి, అప్పుడు అంది:

“అన్నట్టు బాబూ, నాకో ఉత్తరమొచ్చింది. అందులో తిట్లే ఉన్నా సరే, గట్టిగా చదవకుండా నా ఒక్కదానికే చెబుతావా?”

చెంగు ముడి విప్పి కవరు తీసింది. చెంగులో నలిగి నలిగి గుడ్డముక్కలా అయిపోయింది. పన్నెండు రోజుల కిందట టపా దోనెలో వచ్చిందిట. ఊళ్ళో కరణంగారికి చదవడం వచ్చు గానీ, ఆయన ఎవరి ఉత్తరమైనా అరుగు మీద నిలబడి ఊరంతా వినేలా చదివేవారు. అత్తింటివారి తిట్లు ఊరంతా వింటే తల ఎత్తుకోలేమని, అయినవాణ్ణి, గుట్టుగా ఉంచుతానని పిన్ని నన్ను నమ్ముకుంది. నన్ను నమ్ముకుని మూడుసార్లు వచ్చింది. టపా అన్నా, అత్తిలి వానలన్నా, ఆడపిల్లన్నా ఆవిడ చెప్పబోయింది ఇదే. ఇప్పుడు తలుచుకుంటే మూడుసార్లూ నాకు దారి చూపించి, చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా తీసుకొచ్చి నిలబెట్టింది. నేనే లోపలికి చూడలేదు.

అందులో తిట్లు లేవు. అల్లుడు తన చేత్తో రాశాడు. అమ్మాయి కులాసా, అన్నం సరిగ్గా తినడం లేదు, సాయంత్రాలు కాలవగట్టున పడవలొచ్చే వైపు చూస్తూ కూర్చుంటుంది, శ్రావణ శుద్ధ దశమితో ఏడో నెల వెళ్ళిపోతుంది, ఆలోపు మీరు వచ్చి తీసుకెళ్ళాలని మా అమ్మగారు చెప్పమన్నారు, రాకపోతే ఇంక మీ ఇష్టం, అని ఉంది. లవంగం ఎప్పుడో జారిపోయింది. వాచిన నోటితో, పిన్ని చెవి దగ్గర వంగి చదివాను. ఆవిడ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. ఆ రోజు షష్ఠి.

నాలుగు రోజులు. అందులో పోను రెండు, రాను రెండు. పిన్ని నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. బాతుల మందని తోలుకొచ్చిన బాబాయికి చెబితే ఆయన కర్ర గోడకి ఆనించి, రేపు పొద్దున్నే బయల్దేరతానన్నాడు. ఆడపిల్లని తీసుకురావడానికి తోడబుట్టినవాడి వరస మనిషి వెంట వెళ్ళాలి గనక నేనూ వస్తానన్నాను. మేనత్త నా బుగ్గకి కొత్త పేలిక కడుతూ, అక్కడ నీ పుస్తకాలు విప్పావంటే పిల్లని పంపరు సరిగదా నిన్నూ ఉంచేసుకుంటారు, జాగ్రత్త అంది.

సప్తమి తెల్లవారుజామున దోనె, అక్కడినించి బండి, ఏలూరులో మధ్యాహ్నం రైలు. బాబాయి మాటల మనిషి కాడు. ఆయనతో ఏళ్ళ తరబడి పరిచయమున్నా ఆయన గొంతెలా ఉంటుందో నాకు సరిగ్గా తెలియదు. మామూలుగా అయితే తాడేపల్లిగూడెం దాకా రైలు ఇంజను ఎలా నడుస్తుందో చెప్పుకుంటూ పోయేవాణ్ణి. పన్ను కాపాడింది. నేను ఊరుకున్నాను, ఆయన ఊరుకున్నాడు, గుండుగొలను దాటింది, భీమడోలు దాటింది. అప్పుడు ఆయన కిటికీలోంచి చూస్తూనే, పిల్లకి నాలుగేళ్ళప్పుడు వరదలో భుజాన ఎక్కించుకుని పీకల్లోతు నీళ్ళలో నడిచాననీ, భుజం మీద అది నిద్రపోయిందనీ, నిద్రలో జుట్టు వదల్లేదనీ చెప్పాడు.  ఆయన మౌనంలో ఇంత ఉందని నాకెలా తెలుస్తుంది, నేనెప్పుడైనా చోటిస్తే కదా.

ఆ రాత్రి తాడేపల్లిగూడెంలో ఆగి, అష్టమినాడు బండి మీద మధ్యాహ్నానికి అత్తిలి చేరాం. నిజం ఒప్పుకోవాలి, అప్పటికి నా నొప్పి తగ్గిపోయింది. బండి దిగేముందు కట్టు విప్పేద్దామని చెయ్యి పైకెత్తాను కూడా. మళ్ళీ ఎందుకో దించేశాను. నా మీద నాకు నమ్మకం లేకపోయింది. నొప్పి లేని బుగ్గకి కట్టు కట్టుకుని వియ్యాలవారి గడప తొక్కిన మనిషిని లోకంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

కాళ్ళకి నీళ్ళిచ్చారు, మంచం వాల్చారు. వియ్యపురాలుగారు మాత్రం ఎదురుపడలేదు. పక్క వసారాలో చేట ముందేసుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. బాబాయి మంచం మీద పాదాల వంక చూసుకుంటూ కూర్చున్నాడు.  నేను లేచి వెళ్ళి, అడగకుండానే ఆవిడ చేట ముందు చతికిలబడి రాళ్ళు ఏరడం మొదలుపెట్టాను. ఆవిడ ఒకసారి నా బుగ్గ కట్టు వంక, ఒకసారి నా వేళ్ళ వంక చూసింది. ఏరనిచ్చింది.

అప్పుడు మొదలుపెట్టింది. పులిహోర దగ్గరినించి ఎత్తుకుంది. తమ వాళ్ళు ఆకుల ముందు ఎంతసేపు కూర్చున్నారో, తన తమ్ముడు విస్తరి మడిచి ఎలా లేచిపోయాడో, అంతా. నా నాలిక చివర జవాబు సిద్ధంగా ఉంది, నలభైమందని చెప్పి తొంభైమంది ఎందుకొచ్చారండీ అని. దాన్ని రెండో బుగ్గలోకి నెట్టేశాను. రెండేళ్ళుగా పండగకి పిలుపు లేదంది. దానికీ జవాబుంది, నెట్టేశాను. ఉత్తరం రాయించి పదిహేను రోజులైతే పిలిచినా పలకని మనుషులంది, పిల్ల మీద ప్రేమ లేదంది, గట్టు మీద అది కూర్చుంటే తను చూడలేకపోతోందంది. పొద్దు వాలింది, నీడలు వసారా మెట్ల దాకా వచ్చాయి, చేట అడుగు కనిపిస్తోంది. నేను ఒక్కటే గమనించాను. ఆవిడ కోపంగా మొదలుపెట్టింది గానీ ఇప్పుడు గొంతులో ఉన్నది కోపం కాదు. చివరి గుప్పెడు బియ్యం పక్కకి తోసి, ఆవిడ చెయ్యి అలాగే చేటలో ఉంచేసింది.

“నా తొలి కాన్పుకి మా వాళ్ళూ ఇలాగే ఆలస్యంగా వచ్చారు బాబూ. ఎనిమిదో నెలలో బండెక్కించారు. ఉండి ఊరు దాటాక ఇంక చెప్పడానికేముంది.”

రెండేళ్ళ పులిహోర కింద ఇది ఉంది. ఆవిడకి పంతం లేదు, భయం ఉంది. దశమి దాటాక వీళ్ళు వచ్చి పిల్లని అడుగుతారేమో, కాదనలేక పంపాల్సి వస్తుందేమో అని రోజులు లెక్కపెట్టుకుంటోంది. నేను ఏ ఒక్క జవాబైనా చెప్పి ఉంటే ఆ మాట బయటికి వచ్చేది కాదు. కాసేపు ఆగాను. ఇంకా ఏమైనా ఉందేమోనని మరికాస్త ఆగాను. తరవాత తల మీద ముడి విప్పి కట్టు తీసేసి, ఒళ్ళో పెట్టుకుని చెప్పాను.

“ఆలస్యం మా పిన్నిది కాదండీ, బాబాయిది కాదండీ. ఉత్తరం పట్టుకుని పన్నెండు రోజుల్లో మూడుసార్లు నా ముందుకొచ్చింది. నేనే వినిపించుకోలేదు. మొన్న పన్ను నొప్పెట్టి నోరు మూతపడితే అప్పుడు విన్నాను.”

ఆవిడ నా బుగ్గ వంక చూసింది. వాపు లేదు. చాలాసేపు చూసి, చేట ఎత్తి దులిపి, “ఆ పన్నేదో పన్నెండు రోజుల ముందే నొప్పెట్టకూడదూ?” అంది.

గదిలో తలుపు వెనక మా చెల్లెలు కిసుక్కున నవ్వింది. ఆ ఇంట్లో ఆ పిల్ల నవ్వు విని చాలా రోజులైందని తరవాత బావగారు చెప్పారు.

ఆవిడ ఒక్కటే షరతు పెట్టింది, బండి ఎక్కించకూడదని. నవమి తెల్లవారకముందే కాలవ పడవలో బయల్దేరాం. చలిమిడీ, పసుపూ కుంకం, ఊరగాయ జాడీ అన్నీ తనే సర్ది, పడవలో గడ్డి పరిపించి, దాని మీద బొంత, బొంత మీద తన సొంత పరుపు వేయించింది. ప్రవాహం వాలున కనక పడవ కుదుపు లేకుండా జారిపోయింది. పడవ మారినప్పుడు కూడా పిల్లని నడిపించలేదు, పరుపుతో సహా మార్చాం. గుండుగొలను దగ్గర గట్టున దిగి వండుకున్నాం. చెల్లెలు రెండుసార్లు మారు పెట్టించుకుని తింది, బాబాయి తన విస్తరి మర్చిపోయి దాని విస్తరే చూశాడు. ఏలూరులో డోలీ మాట్లాడి, కొల్లేటి గట్టు చేరి, పెద్ద దోనె మీద దశమి దీపాల వేళకి లంకలో అడుగుపెట్టాం. పిన్ని రేవులో మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఉంది. 

ఆశ్వయుజంలో కొల్లేరు పొంగి ఊరి చుట్టూ సముద్రమైంది. ఒక్క దోనె కదలని ఆ రోజుల్లోనే, పొడి నేల మీద, వాళ్ళమ్మ చేతుల మీద, చెల్లెలికి ఆడపిల్ల పుట్టింది. నీళ్ళు తీయగానే వియ్యపురాలుగారు వచ్చింది. వచ్చిన మర్నాడు లంకలో అందరికీ భోజనం పెట్టారు, పులిహోర మూడు గంగాళాలు చేయించారు. రెండు మిగిలిపోయి ఊరి బాతులు కూడా తిన్నాయని మేనత్త చెప్పుకునేది.

ఆ పన్ను, మేం అత్తిలి నించి వచ్చిన తరవాత వారమే ఏలూరు కాలవగట్టున పళ్ళు పీకే సాయిబుగారి దగ్గర పీకించాను. ఆయన దాన్ని పారెయ్యబోతే అడిగి పుచ్చుకున్నాను. దాన్ని ఏం చేసుకుంటావు బాబూ అన్నాడు. అది నా గురువండీ అన్నాను. ఆయన నా వంక అదోలా చూసి, దాన్ని కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టాడు.

నాకు ఒక్కరోజులో బుద్ధొచ్చిందని చెబితే అబద్ధమవుతుంది. చావిడిలో పత్రిక చదివాక కాగితం మడిచి పక్కన పెట్టి, జనం లేచేదాకా, లేచి మెట్టు మీద కాలు పెట్టేదాకా ఊరుకోవడం అలవాటు చేసుకున్నాను. మొదట్లో నాలిక దురద పెట్టేది. దవడలో ఖాళీ చోటు నాలికతో తడుముకునేవాణ్ణి, తగ్గేది. అన్నట్టు అన్న మాట తరవాత నేను విన్నవి రాస్తే తొమ్మిదో బీరువా నిండుతుంది. ఆ తరవాతే నాకు పెళ్ళయింది. ఈ కథ మేనత్త నోట విన్న మా ఆవిడ ఒక పద్ధతి పెట్టింది. నాతో గట్టి మాట ఏదైనా చెప్పాలనుకున్నప్పుడు ఏమీ అనకుండా నా ముందు చేట పెట్టి, అందులో నాలుగు సోలల బియ్యం పోసేది. పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు, చివరికి తన ఒంట్లో బాగాలేదన్న మాట కూడా చేట అడుగునే విన్నాను. బియ్యం అయిపోకూడదని ఆ రోజు ఎంత నెమ్మదిగా ఏరానో ఆవిడకి తెలుసు. ఆవిడ కూడా తొందరపెట్టలేదు.

ఇప్పుడు ఈ కాగితాలకి సాయం చేసినవాళ్ళకి దణ్ణం పెట్టుకోవాలి. పేర్లు రాయను, వరసలు చెబితే వాళ్ళకి తెలుస్తుంది. పక్కన కూర్చుని నా కొక్కిరిబిక్కిరి రాతని మంచి రాత చేసిన మా మనవడికీ, అత్తిలి నించి పరుపు సంగతి గుర్తుచేసి ఉత్తరం రాసిన బావగారి తమ్ముడికీ, పాత బీరువాల దుమ్ము దులిపి నన్ను ఒక పూట కూర్చోనిచ్చిన గ్రంథాలయం అబ్బాయికీ, ఇది రాయమని పట్టుబట్టిన మా మేనకోడలికీ, వెళ్ళిపోయినవాళ్ళల్లో పిన్నికీ, బాబాయికీ, మేనత్తకీ, గోడవైపు తిరిగి కూర్చున్న ఆ పెద్దావిడకీ.

కొల్లేట్లో ఇప్పుడు చేపల చెరువుల గట్లు లేచాయి, లంకకి దోనె అక్కర్లేదు, రోడ్డుంది. మంచిదే, గర్భిణులు ఏ నెలలోనైనా ఆస్పత్రికి వెళ్ళొస్తున్నారు. బియ్యం కూడా రాయి లేకుండా మిషనులో శుభ్రం చేసి సంచుల్లో వస్తున్నాయి. నా పళ్ళ మాట దేవుడెరుగు, ఉన్నవాళ్ళ పళ్ళకి అదీ మంచిదే. మొన్న మేనకోడలు వెళ్ళేటప్పుడు లేచి, గుమ్మంలో ఒక కాలు బయటపెట్టి ఆగింది. ఏదో చెప్పబోయింది, ఇంతలో ఆటో వాడు హారను కొట్టాడు, మళ్ళీ వస్తాలే మావయ్యా అని వెళ్ళిపోయింది. చెవిలో మిషనుంది, హారను ఖణేల్మని వినిపించింది. నేను లేచి అటక మీంచి మా ఆవిడ చేట దింపించాను. బియ్యంలో ఏరడానికేమీ లేదని మనవడు నవ్వాడు. ఉండకపోతే పోయింది, మేనకోడలు మళ్ళీ వచ్చినప్పుడు ఊరికే ముందు పెట్టుకుని కూర్చుంటాం.